క్రిస్మస్ అప్పు ఈస్టర్ దాకా...

డిసెంబరు రెండో వారం వచ్చేసరికి మూసారాంబాగ్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డుకు పండుగ కళ వచ్చేస్తుంది. ఫ్యాన్సీ షాపుల ముందు రంగురంగుల నక్షత్రాలు వేలాడతాయి. బట్టల దుకాణాలు ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని పిలుస్తాయి. బేకరీల అద్దాల వెనక కేకులు బారులు తీరతాయి. మా వంటి సంఘకాపరుల దగ్గరికి కొందరు విశ్వాసులు వచ్చేది కూడా ఈ వారంలోనే. ప్రార్థన చేయించుకోవడానికి వచ్చామంటారు. పిల్లల చదువు, ఇంటాయన ఉద్యోగం, అత్తగారి మోకాళ్ల నొప్పులు, అన్నీ దేవుని సన్నిధిలో పెట్టాక, లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర అసలు మాట బయటపెడతారు. ‘అయ్యగారూ, పండక్కి ఒక పదివేలు ఎక్కడన్నా పుడతాయా?’

ఆ పదివేలు ఎక్కడ పుడతాయో బస్తీలో అందరికీ తెలుసు. రోజువారీ ఫైనాన్స్ అంటారు, గిరిగిరి అంటారు. పేరు ఏదైనా పద్ధతి ఒక్కటే. కాగితం మీద పదివేలు రాసుకుంటారు. వడ్డీ ముందే పట్టుకుని, ఎనిమిదివేల ఐదువందలు చేతిలో పెడతారనుకుందాం. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. రోజుకు వందే కదా అనిపిస్తుంది. కానీ డిసెంబరు 20న తీసుకున్న అప్పులో ఆఖరి వంద తీరేది మార్చి 30న! ఈస్టర్ ఎప్పుడూ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్యలో వస్తుంది. అంటే లోకరక్షకుడు పుట్టాడని సంతోషించడానికి చేసిన అప్పు ఆయన శ్రమల కాలం పొడవునా మన ఇంటి తలుపు తడుతూనే ఉంటుందన్నమాట. చేతికొచ్చిన ఎనిమిదివేల ఐదువందల మీద వడ్డీ పదిహేనువందలు. పైగా రోజూ కొంత అసలు తీరిపోతూనే ఉంటుంది. ఆ లెక్కన ఏడాదికి చూస్తే నూటికి నూరు రూపాయలు దాటిన వడ్డీ ఇది. దీనికి ఒప్పుకుని సంతకం పెట్టింది ఏ ఆపరేషన్ కోసమో కాదు, నలుగురికి కొత్తబట్టలు, ఒక కేకు, మటన్ బిర్యానీ, సీరియల్ లైట్ల కోసం.

అప్పు చేసేవాళ్ల సంగతి ఇది. చేయనివాళ్లు ఇంకొందరు ఉన్నారు. వాళ్లు ఎవరినీ అడగరు, ఎవరికీ చెప్పరు. పండుగనాడు చర్చికి రారు, అంతే. నవంబరు దాకా ప్రతి ఆదివారం మూడో వరుసలో కూర్చున్న తల్లీపిల్లలు డిసెంబరు 25న కనబడరు. జనవరిలో ఎదురుపడితే ‘ఒంట్లో బాగాలేదు అయ్యగారూ’ అంటారు. పిల్లలకు కొత్తబట్టలు లేవని, పక్కింటి పిల్లల మధ్య పాత గౌనుతో కూర్చోబెట్టడం ఇష్టం లేకపోయిందని ఆ తర్వాత ఎప్పటికో తెలుస్తుంది. కొరింథు సంఘంలో ఉన్నవాళ్లు కడుపునిండా తింటుంటే లేనివాళ్లు ఆకలితో కూర్చునేవారు. అది ప్రభురాత్రి భోజనమే కాదని, లేనివారిని సిగ్గుపరచడం దేవుని సంఘాన్నే తిరస్కరించడమని పౌలు తేల్చి చెప్పాడు (1 కొరింథీ 11:20-22). పౌలు మాటలు ఈ రోజు మన కొత్తబట్టలకు వర్తించవా? పశువుల తొట్టిలో పడుకున్న బాలుని చూడటానికి ఒక పిల్ల బట్టలు లేక రాలేకపోయిందంటే, ఆ పండుగలో ఏదో తలకిందులైంది.

మొదటి క్రిస్మస్ ఖర్చు ఎంతో లూకా సువార్తలో రాసి ఉంది. మనం గబగబా చదివేసి ముందుకు వెళ్లిపోతాం గనుక కంటికి ఆనదు. శిశువును దేవాలయానికి తీసుకొచ్చినప్పుడు యోసేపు మరియలు గువ్వల జతనో రెండు పావురపు పిల్లలనో అర్పించడానికి వచ్చారు (లూకా 2:24). ఈ మాట బరువు తెలియాలంటే లేవీయకాండము 12వ అధ్యాయం తెరవాలి. బిడ్డను కన్న తల్లి ఏడాది గొర్రెపిల్లనూ ఒక పావురపు పిల్లనో గువ్వనో తేవాలన్నది నియమం. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేకపోతే రెండు గువ్వలు చాలునని ఎనిమిదో వచనం సడలింపు ఇచ్చింది. మరియమ్మ వాడుకున్నది ఆ సడలింపునే! దేవుని కుమారుని తల్లి పేదల వరుసలో నిలబడింది. యోసేపు బంధువుల దగ్గర చేబదులు తీసుకుని గొర్రెపిల్లను కొని, బేత్లెహేము వాళ్ల ముందు తల ఎత్తుకోవాలనుకోలేదు. ఉన్నదానిలో ధర్మశాస్త్రం ఒప్పుకున్న అర్పణ తెచ్చాడు. దేవుడు అంగీకరించాడు. ‘మనస్సు సిద్ధంగా ఉంటే, లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే అర్పణ ప్రీతికరమవుతుంది’ అన్న భావంలో పౌలు రాసింది కూడా దీనికి దగ్గరి మాటే (2 కొరింథీ 8:12).

అయితే మరి పండుగే వద్దా? కేకు కోయడం పాపమా? ఈ ప్రశ్న వస్తుందని మాకు తెలుసు, రావాలి కూడా. పొదుపు పేరుతో పండుగను ఎండగట్టిన చరిత్ర ప్రొటెస్టెంటులమైన మనకే ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ కాలనీలో ప్యూరిటన్లు 1659లో చట్టం చేసి, క్రిస్మస్ పాటించినవారికి ఐదు షిల్లింగుల జరిమానా వేశారు. 1681లో గాని ఆ చట్టం పోలేదు. అది దారి కాదు. బేతనియలో మరియ మూడు వందల దేనారాల విలువైన అత్తరును యేసు పాదాల మీద పోసింది (యోహాను 12:3-8). దేనారం ఒక కూలివాని రోజు కూలి గనుక అది దాదాపు ఏడాది సంపాదన. ‘దీన్ని అమ్మి బీదలకు ఇవ్వవచ్చు కదా’ అని లెక్క తీసినవాడు ఎవరో మనకు తెలుసు. కాబట్టి ప్రతి పెద్ద ఖర్చునూ దుబారా అనే అధికారం మనకు లేదు. ప్రభువు కోసం చేతులారా ఖర్చు పెట్టడంలో ఒక ఆనందం ఉంది, దాన్ని తీసేస్తే భక్తి లెక్కల పుస్తకం అవుతుంది. నెహెమ్యా కాలంలో ప్రజలు ధర్మశాస్త్రం విని ఏడుస్తుంటే, ఏడవకండి, వెళ్లి కొవ్విన మాంసం తినండి, తీయనిది తాగండి అని చెప్పి పంపారు. కానీ అదే శ్వాసలో ఇంకో మాట అన్నారు, తమ కోసం ఏమీ సిద్ధం చేసుకోలేనివారికి వంతులు పంపించమని (నెహెమ్యా 8:10). విందు ఉండాలి. అయితే వంతు లేనివాడు లేకుండా ఉండాలి.

ఎంత ఖర్చు పెట్టామన్న దానికన్నా ఆ ఖర్చు ఎవరి నోటికి అన్నమైందన్న ప్రశ్న మాకు ఉపయోగంగా తోస్తుంది. ఈ ప్రశ్న మేము కొత్తగా కనిపెట్టింది కాదు. మన తెలుగు సంఘ చరిత్రలో దీనికి నిలువెత్తు సాక్ష్యం ఉంది. మనకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, మెదక్‌లో.

మెదక్ చర్చిని చూడనివాళ్లు హైదరాబాదు క్రైస్తవుల్లో అరుదు. ఏటా క్రిస్మస్‌కు బస్సులు కట్టుకుని వెళ్లేవాళ్లు మన వీధుల్లోనే ఎందరో. 175 అడుగుల గోపురం, ఐదువేల మంది కూర్చోగలిగే మందిరం, రంగు అద్దాల కిటికీలు చూసి ఫొటోలు దిగి వస్తాం. అది ఎప్పుడు కట్టారో ఆలోచించం. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో పని మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన ఏడాది అది. ఆ వెనకే కరవు వచ్చింది. మెదక్ చుట్టుపక్కల పల్లెల్లో తినడానికి తిండి లేదు, చేయడానికి పని లేదు. ఊరికే దానం చేస్తే మనిషి చిన్నబోతాడు, చేయకపోతే చచ్చిపోతాడు. పాస్నెట్ ఆ జనాన్ని చర్చి నిర్మాణంలోకి పిలిచాడు. రాళ్లు మోశారు, సున్నం కలిపారు, పునాదులు తవ్వారు. పనికి తిండి దొరికింది. పదేళ్లు కట్టి 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, ప్రతిష్ఠ చేశారు. 2024 క్రిస్మస్‌తో దానికి నూరేళ్లు నిండాయి.

మెదక్ చర్చి చవక కట్టడం కాదు. కరవు కాలంలో అంత గోపురం ఎందుకని ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే వాళ్లను తప్పుపట్టలేం. బేతనియలో అడిగిన ప్రశ్న లాంటిదే అది. జవాబు రాళ్లలో ఉంది. అక్కడ ఖర్చైన డబ్బు ఆ చుట్టుపక్కల పొయ్యిల మీద అన్నమై ఉడికింది. రంగు అద్దాల కిటికీలు కూడా ఒక్కసారే రాలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఒక్కొక్కటిగా వచ్చాయి. అన్నీ ఈ డిసెంబరుకే అయిపోవాలన్న తొందర ఆ తరానికి లేదు.

ఒంగోలులో జాన్ ఎవెరెట్ క్లవ్ చేసింది దీనికన్నా పాతది. 1876-78 మహాకరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. మాకు ముఖ్యంగా కనిపించేది ఆయన ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేయడం. తిండి కోసం ఎవరూ తలవంచకూడదని, సహాయానికి ఖరీదు ఉండకూడదని. సహాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంగతి మళ్లీ గుర్తుచేసుకోవలసిన సందర్భం కిందటికి వస్తుంది.

ఇక మన ఇళ్లకు వద్దాం. కొత్తబట్టల దగ్గరే మొదలుపెడదాం, ఖర్చులో సగం అక్కడే ఉంటుంది కాబట్టి. చిన్నపిల్లలకు ఒక జత కుట్టించండి, పెద్దవాళ్లకు ఎందుకు? పెళ్లిళ్లకు కొన్న చీరలు బీరువాలో ఒకటి రెండుసార్లు కట్టి మడతపెట్టినవి ఉంటాయి. అందులో ఒకటి తీసి ఇస్త్రీ చేయించుకుంటే సరిపోతుంది. కొంటే వీధి చివరి దర్జీ దగ్గర కుట్టించండి. ఆ డబ్బు జనవరిలో అతని బిడ్డ ఫీజు అవుతుంది. సంఘకాపరి కుటుంబం, సంఘపెద్దల కుటుంబాలు పాతబట్టల్లో వస్తే ఆ మూడో వరుస తల్లికి లోపలికి రావడానికి ధైర్యం వస్తుంది. ప్రసంగం వల్ల ఇది జరగదు. పాస్టరమ్మ కట్టిన చీర వల్ల జరుగుతుంది.

నక్షత్రం సంగతి. కాగితపు నక్షత్రంలో పాతకాలపు 60 వాట్ల బల్బు పెట్టి రోజుకు ఆరు గంటల చొప్పున నెల రోజులు వెలిగిస్తే దాదాపు 11 యూనిట్ల కరెంటు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు అయితే యూనిటున్నర పైచిలుకు. పైగా పాత బల్బు వేడికి కాగితం కమిలిపోయి, ఏటా కొత్త నక్షత్రం కొనాలి. ఎల్ఈడీ పెట్టిన నక్షత్రాన్ని మడిచి అట్టపెట్టెలో దాచుకుంటే నాలుగైదేళ్లు వస్తుంది. జ్ఞానులకు కనిపించిన నక్షత్రాన్ని ఎవరూ కొనలేదు, ఆ సంగతి వేరు!

పశువులపాక విషయంలో మాకు గట్టి అభిప్రాయమే ఉంది. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ మొదటిసారి పశువులపాకను జనం కళ్ల ముందు పెట్టినప్పుడు నిజమైన ఎండుగడ్డి, ఎద్దు, గాడిద ఉన్నాయి. మనం థర్మకోల్‌తో చేస్తున్నాం. 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మకోల్‌ను దేశమంతటా నిషేధించారు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, వంద మైక్రాన్ల కన్నా పలుచని ఫ్లెక్సీలు, మిఠాయి డబ్బాలకూ ఆహ్వాన పత్రికలకూ చుట్టే ప్లాస్టిక్ పొరలు కూడా ఆ జాబితాలో ఉన్నవే. ‘అధికారులకు లోబడి ఉండాలి’ అని రోమా 13వ అధ్యాయం మీద ప్రసంగించే వేదిక వెనకే నిషేధించిన థర్మకోల్ అక్షరాలు మెరుస్తుంటే ఎలా? వరిగడ్డి, పాత అట్టపెట్టెలు, గోనెపట్టా, మట్టిబొమ్మలు చాలు. సండేస్కూలు పిల్లలకు ఒక మధ్యాహ్నం అప్పగిస్తే వాళ్లే కట్టేస్తారు, కాస్త వంకరగా వస్తుంది, రానివ్వండి. గడ్డి దగ్గర కరెంటు వైర్లు పెట్టకుండా పెద్దవాళ్లు చూసుకోవాలి. బ్యానరు కావాలంటే గుడ్డ మీద రాయించండి. ఏ సంవత్సరమో రాయించకండి. ‘క్రిస్మస్ శుభాకాంక్షలు’ అని మాత్రం ఉంటే పదేళ్లయినా పనికొస్తుంది. దాని మీద ఎవరి ఫొటోలూ ఉండనక్కర్లేదు, సంఘకాపరి ఫొటో అసలే వద్దు.

ప్రేమవిందుకు మోదుగాకు విస్తర్లు వాడండి. తెలంగాణ పల్లెల్లో ఆ ఆకులు ఏరి కుట్టేది పేద స్త్రీలే. మళ్లీ అదే ప్రశ్న, ఖర్చు ఎవరి నోటికి అన్నమైంది? నీళ్ల సీసాల లెక్క ఒకటి చెబుతాం. మూడు వందల మందికి అరలీటరు సీసాలు ఇస్తే మూడు వందల సీసాలు చెత్త. అవే నూటయాభై లీటర్లు ఇరవై లీటర్ల క్యాన్లలో తెప్పిస్తే ఎనిమిది క్యాన్లు, చెత్త సున్నా. స్టీలు గ్లాసులు టెంటుహౌసులో అద్దెకు దొరుకుతాయి. కడిగేదెవరని అడుగుతారు. పాదాలు కడగమని నేర్పిన ప్రభువు శిష్యులకు గ్లాసులు కడగడం భారమా? యువజనులను రెండు జట్లుగా చేసి అప్పగిస్తే పాటలు పాడుకుంటూ కడిగేస్తారు. వంట తూకం విషయంలోనూ కాస్త కఠినంగా ఉండాలి. ‘తగ్గితే పరువు పోతుంది’ అని వందమందికి ఎక్కువ వండించి, మిగిలిన బిర్యానీని రాత్రి చెత్తకుండీలో పోయడం ప్రతి వీధిలో కనిపిస్తుంది. అయిదు వేలమందికి పంచిపెట్టిన ప్రభువు, క్షణంలో ఇంకో అయిదు వేలమందికి సృష్టించగలవాడు, మిగిలిన ముక్కలు పోగుచేయమన్నాడు, ఏమీ పాడుకాకూడదన్నాడు (యోహాను 6:12). పన్నెండు గంపలు నిండాయి. కొరత లేనివాడు పోగుచేశాడు. ఇది మాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

చెత్త ఎక్కడికి పోతుందో చూద్దాం. పండుగ మర్నాడు తెల్లవారుజామున, మనం ఇంకా నిద్రలో ఉండగానే, చీపురు పట్టుకుని రోడ్డు మీద నిలబడేది పారిశుద్ధ్య పనిచేసే అక్కలు. వాళ్లలో చాలామంది మన సంఘాలవాళ్లే. అర్ధరాత్రి దాకా పాటలు పాడి, రెండు గంటలు కునుకు తీసి, డ్యూటీకి వెళ్లి, తన సంఘంవాళ్లు తిని పారేసిన ప్లేట్లను తానే ఎత్తుకుంటుంది ఆ సహోదరి. అక్కడి నుంచి అది లారీలెక్కి జవహర్‌నగర్ గుట్టకు చేరుతుంది. ఆ గుట్ట పక్కన కూడా ఇళ్లున్నాయి, చర్చిలున్నాయి, ఆ వాసనలోనే క్రిస్మస్ ఆరాధన జరుగుతుంది. రాత్రివేళ డ్యూటీలో ఉన్న గొర్రెల కాపరుల దగ్గరికే దేవదూత మొదట వచ్చాడని ఏటా ప్రసంగిస్తాం. ఈనాటి మన ఊళ్లో రాత్రి డ్యూటీ చేసేది ఎవరు?

లారీ ఎక్కని చెత్త నాలాల్లో పడి మూసీకి పోతుంది. మూసారాంబాగ్‌వాళ్లకు మూసీ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1908 సెప్టెంబరు 28 వరద కథలు తాతల నోట విన్నాం. 2020 అక్టోబరులో నగరమంతా మునిగిన రోజులు మనమే చూశాం. 2025 సెప్టెంబరు ఆఖరులో నది పొంగి మన వంతెన దగ్గర రాకపోకలే ఆగిపోయాయి. వరదకు వాన ఉంది, జలాశయాల గేట్లు ఉన్నాయి, ఆక్రమణలు ఉన్నాయి. కానీ నాలాలో నీళ్లు వెనక్కి తన్నడానికి ప్లాస్టిక్ గ్లాసులు, థర్మకోల్ ముక్కలు కూడా ఒక కారణమే. అలా తన్నిన నీళ్లు మేడ మీద ఉన్నవాళ్ల ఇళ్లలోకి వెళ్లవు. పల్లంలో రేకుల గదిలో ఉన్నవాళ్ల బియ్యం డబ్బాలోకి వెళ్తాయి. పర్యావరణం అనగానే అదేదో చదువుకున్నవాళ్ల గొడవని మన సంఘాల్లో కొందరు కొట్టిపారేస్తారు. డిసెంబరులో పారేసిన ప్లేటు వానాకాలంలో పొరుగువాని గడప దాటుతుందని తెలిస్తే, ఇది పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞ కిందికే వస్తుంది.

క్యారల్స్ గురించి రెండు మాటలు. మూసారాంబాగ్ అన్న పేరే ఒక ఫ్రెంచి సైనికాధికారి రేమండ్ నుంచి వచ్చింది. నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఆయనను ఇక్కడి హిందువులు మూసా రామ్ అని, ముస్లింలు మూసా రహీమ్ అని పిలుచుకున్నారని చెబుతారు. పరాయి మతంవాడిని అంత ప్రేమగా సొంతం చేసుకున్న పేట ఇది. ఇప్పటికీ ఒక గోడకు ఇటు మసీదు, అటు గుడి, మధ్యలో చర్చి. అలాంటి చోట డీసీఎం వ్యాను మీద జనరేటరు, పది పెట్టెల డీజే పెట్టుకుని అర్ధరాత్రి తిరగడం సువార్త కాదు. పరీక్షకు చదువుకునే పిల్లవాడికీ గుండెజబ్బు ముసలాయనకూ అది శిక్ష. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మామూలుగా రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ఒక డోలక్కు, రెండు కంజీరలు, నడిచి వెళ్లే ఇరవైమంది చాలు. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించండి. వ్యాను అద్దె, డీజిలు మిగులుతాయి. నడిచి వెళ్తే ఇంటి ముందు ఆగుతాం, పేరు పెట్టి పలకరిస్తాం. వ్యాను మీద ఎవరు ఎవరిని పలకరిస్తారు?

ఇప్పుడు క్లవ్ సంగతి గుర్తుచేసుకుందాం. క్రిస్మస్ అనగానే చీరల పంపిణీ, దుప్పట్ల పంపిణీ. మంచిదే. కానీ వేదిక ఎక్కించి, ఫ్లెక్సీ ముందు నిలబెట్టి, చీర ఒక చివర దాత, ఇంకో చివర విధవరాలు పట్టుకుని కెమెరా వైపు చూడటం ఏమిటి? కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట (మత్తయి 6:3) అందరికీ కంఠతా వచ్చు. ఇవ్వదలిస్తే ముందురోజు సాయంత్రం ఇంటికి వెళ్లి, పిల్లలకు మిఠాయి పెట్టి, కవరు టీవీ మీద పెట్టి వచ్చేయండి. యాభై చీరలకు పెట్టే డబ్బుతో ఒక్క కుటుంబం గిరిగిరి అప్పు మొత్తం తీర్చేయగలరేమో కూడా సంఘపెద్దలు ఆలోచించాలి. దానికి ఫొటో రాదు. కానీ ఆ ఇంట్లో ఈస్టర్ ఈస్టర్ లాగా ఉంటుంది.

వసూళ్ల విషయంలో మోషేను చూడండి. గుడారం పనికి జనం తెచ్చింది చాలినంత కన్నా ఎక్కువైనప్పుడు ఇక తేవద్దని పాళెమంతా చాటింపు వేయించాడు (నిర్గమకాండము 36:5-7). చందాలు ఇక చాలని చెప్పిన క్రిస్మస్ కమిటీ ఎక్కడైనా ఉందా? లెక్క ముందే వేసి, అది అందిన రోజే ఆపేసి, జమాఖర్చులు నోటీసుబోర్డు మీద అంటిస్తే వచ్చే ఏడాది అడగకుండానే ఇస్తారు.

అప్పు లేకుండా పండుగ జరగాలంటే మాత్రం క్రిస్మస్ జనవరిలో మొదలవ్వాలి. మన పెద్దమ్మలు, నాయనమ్మలు అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి ప్రత్యేకంగా ఒక డబ్బాలో వేసేవారు. ఆదివారం అది దేవుని కానుక. మిజోరం సంఘాల్లో స్త్రీలు వందేళ్లకు పైగా ఇలా పిడికిళ్లతోనే మిషనరీలను పంపిస్తున్నారు. కూలి డబ్బులతో బతికేవాళ్లు అంత చేయగలిగారు. అదే పద్ధతిని పండుగకు వాడుకోవచ్చు. వారానికి యాభై రూపాయలు, నలభై ఎనిమిది వారాలు, డిసెంబరుకు రెండువేల నాలుగువందలు. పదివేలు కాదు, నిజమే. కానీ పిల్లలకు చెరొక జత, చిన్న కేకు, ఇంట్లో చేసుకున్న సకినాలు, అరిసెలు, ఒక పూట కోడికూర అందులో వచ్చేస్తాయి. పక్కింటి సాయిబు కుటుంబానికీ ఎదురింటి రెడ్డిగారికీ పళ్లెం పంపడానికి నాలుగు అరిసెలు మిగులుతాయి కూడా. స్త్రీల సమాజంలో ఒక అక్క పుస్తకం పట్టుకుంటే చాలు, దీనికి బ్యాంకు అక్కర్లేదు. అయితే ఆ పుస్తకం నెలకొకసారి అందరి ముందూ చదవాలి, డబ్బు దగ్గర భక్తి ఒక్కటే చాలదు.

ఈ ఏడాది జనవరి ఎలాగూ దాటిపోయింది. ఇప్పటికే అప్పుకు మాట్లాడుకున్నవాళ్లు ఉంటే, సంతకం పెట్టేలోపు మీ మీ సంఘకాపరుల దగ్గరికి వెళ్లండి. గుమ్మం దగ్గర కాదు, కూర్చున్నప్పుడే ఆ మాట చెప్పండి. ఏది మానుకోవచ్చో, ఏది వాయిదా వేసుకోవచ్చో కలిసి కాగితం మీద రాసుకోవచ్చు. సంఘకాపరులకు మేము చెప్పేది కూడా ఒకటే, పండుగ ఆరాధనకు ఎవరు రాలేదో 25 సాయంత్రానికే చూసుకోండి, జనవరి దాకా ఆగవద్దు. చిన్న కేకు ముక్క పట్టుకుని వెళ్తే మాట్లాడటానికి వేరే కారణం అక్కర్లేదు.

ఇక 26 ఉదయం. ఆ రోజు పారిశుద్ధ్య అక్కలు వచ్చేసరికి చర్చి ముందు వీధి శుభ్రంగా ఉండాలంటే ఐదు గంటలకే లేవాలి. విస్తర్లు, అన్నం మెతుకులు ఒక గోతిలోకి, సీసాలు, అట్టలు వేరే సంచిలోకి, నక్షత్రాలు మడిచి పెట్టెలోకి. యువజనుల్లో ఆరుగురు, పెద్దల్లో నలుగురు ఉంటే గంట పని. చీపుర్లు, గోనెసంచులు ముందురోజే గేటు పక్కన పెట్టి ఉంచితే మంచిది, తెల్లవారుజామున వెతుక్కోవడం కష్టం. టీ ఫ్లాస్కు ఒకటి ఎక్కువ తెచ్చుకోండి, వీధి ఊడ్చే అక్కలకు కూడా.